ఎక్కడ కూర్చుని తిన్నావు?

మా ఆవిడ అడిగిన ప్రశ్నతో నేను ఎమ్మెస్సీ పట్టా తెచ్చుకున్నాను. ఆ ప్రశ్న ఎలా తట్టిందని నిండు హాల్లో నన్ను అడిగారు. అప్పుడు ఆమె వెనక వరసలోనే కూర్చుని ఉంది. అయినా అది ఆమెదని నేను చెప్పలేదు.

ఈ సంగతి తెలియనివాళ్ళు మస్కట్‌లో చాలామందే ఉన్నారు. తెలుగువాళ్ళం కలుసుకున్నప్పుడల్లా నన్ను "న్యూట్రిషన్ సార్" అని పిలిచేవాళ్ళకు తెలియదు. మా కంపెనీలో కొత్తగా చేరిన పిల్లలకు నన్ను చూపించి "ఆ పద్ధతి ఈయనదే" అని చెప్పేవాళ్ళకూ తెలియదు. ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి చెప్పుకోవడం కన్నా ఒకసారి రాసేయడం మేలనిపించింది. రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ బరువుగా లేదు. ఎందుకంటే ఇది చివరికి గెలుపు కథ. గెలిచింది నేను కాకపోవడం వల్లే ఇంత సంతోషంగా రాయగలుగుతున్నాను.

నాది క్యాటరింగ్ కంపెనీలో ఆహార నాణ్యత చూసే ఉద్యోగం. మొదట్లో ఒమాన్ దక్షిణాన రైసూత్‌లో, ఫ్యాక్టరీ క్యాంపులకు భోజనాలు పంపే కిచెన్‌లో ఉన్నాను. తర్వాత మస్కట్‌కు మార్చారు. బౌషర్‌లో ఫ్లాట్ తీసుకుని కుదురుకున్నాం. అమ్మాయి హైస్కూలుకు వచ్చిన ఏడాది నాకు చదువు మీద మళ్ళీ మనసు పోయింది. ఇక్కడి విశ్వవిద్యాలయంలో పోషకాహార శాస్త్రమూ ఆహార విధానాలూ కలిపి చెప్పే ఎమ్మెస్సీలో చేరాను. ఉద్యోగం చేసేవాళ్ళ కోసం వారాంతాల్లో క్లాసులు పెట్టేవారు. మంచి చదువు అది. సగం గింజ గురించి చెబుతారు. తక్కిన సగం, ఆ గింజ ఎవరి కంచంలో పడాలో నిర్ణయించేవాళ్ళ గురించి. స్కూలు క్యాంటీన్‌లో ఏం అమ్మాలి, రొట్టెలో ఉప్పు ఎంత ఉండాలి, కూలివాడి కాంట్రాక్టులో భోజనం గురించి ఒక్క వాక్యమైనా ఉందా లేదా అన్నవి పాఠాలు.

థీసిస్ కోసం ఇళ్ళలో పనిచేసే మన ఆడవాళ్ళ తిండిని ఎంచుకున్నాను. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు. రక్తం తక్కువ, కళ్ళు తిరుగుతాయి, కాళ్ళు లాగుతాయి అని వాళ్ళలో చాలామంది చెప్పుకోవడం నాకు ఎప్పటినుంచో తెలుసు. మా గైడ్ ఒమానీ ఆవిడ, అనుభవమున్న ప్రొఫెసర్. విషయం విని వెంటనే ఒప్పుకుంది కానీ ఒక మాట అంది.

"మగవాడివి. నువ్వొక్కడివే వెళ్ళి ఏం తిన్నారని అడిగితే వాళ్ళు ముడుచుకుపోతారు. ఇంట్లోంచి ఎవరినైనా తోడు తీసుకెళ్ళు."

అలా మా ఆవిడ వచ్చింది. ఆమె హోం సైన్స్ డిగ్రీ చదివింది. ఆ డిగ్రీ అయిన వెంటనే మా పెళ్ళి జరిగింది. సర్టిఫికెట్లు సూట్‌కేసు అడుగున ఆమెతోపాటు ఒమాన్ వచ్చాయి. బయటికి రాలేదు.

ఇక్కడ సెలవు శుక్రవారం కాబట్టి చర్చి ప్రార్థన కూడా ఆ రోజే. అది అయ్యాక ఆ ఆడవాళ్ళు చర్చి పక్క హాల్లో కాసేపు కూర్చుంటారు. వారంలో వాళ్ళకు దొరికే తీరిక అదొక్కటే. మా చదువులో ఒక పద్ధతి ఉంది. నిన్న పొద్దుటినుంచి ఇవాళ పొద్దుటిదాకా ఏమేం తిన్నారో వరసగా గుర్తు చేయించి రాసుకోవాలి. నేను శుభ్రమైన చొక్కా వేసుకుని, కుర్చీ లాక్కుని, ఒక్కొక్కరినీ పలకరించాను.

"నిన్న మధ్యాహ్నం భోజనం అయిందా అమ్మా?"

"అయిందండి."

"రాత్రి?"

"అదీ అయిందండి. అన్నం, కూర, పెరుగు. ఆయ్, మా వాళ్ళింట్లో తిండికేం లోటు లేదండి."

అందరూ అంతే. టిఫిను అయింది, భోజనం అయింది, రాత్రి కూడా అయింది. నాకు మహా సంతోషమేసింది. మన వాళ్ళు బాగా తింటున్నారని లెక్కలు కట్టి గైడ్‌కు చూపించాను. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇంత బాగా తినేవాళ్ళకు ఇంత నీరసం ఎందుకు?"

మళ్ళీ వెళ్ళి అడిగి రమ్మంది. ఇంకో టర్మ్ పడుతుందని కూడా అంది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి విసుక్కుంటుంటే మా ఆవిడ దోసకాయ తరుగుతూ నవ్వింది.

"మన వాళ్ళను భోజనం అయిందా అని అడిగితే ఎవరైనా కాలేదంటారా? కాలేదంటే మీరు పెట్టాలి. మీ దగ్గర చూస్తే క్యారియర్ కూడా లేదాయె."

"సర్వే అని చెప్పే అడిగాను కదా."

"సర్వే అయినా పలకరింపు పలకరింపేనండీ. పెద్దమనిషి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, అయిందా అమ్మా అన్నాడు. అయింది అన్నారు. మర్యాద ఇచ్చారు, మీరు దాన్ని పట్టుకెళ్ళి లెక్క కట్టారు."

తర్వాతి శుక్రవారం ఆమె నన్ను వెనక కూర్చోమంది. తను వెళ్ళి చాప మీద, కడప నుంచి వచ్చిన ఒకావిడ పక్కన కూర్చుంది. ఆ కడప అక్క అల్ మవాలేలో ఒక పెద్ద కుటుంబంలో చాలాకాలంగా పనిచేస్తోంది. నోరు మంచిది, మాట గట్టిది. మా ఆవిడ ఆమె చేతిలో పల్లీలు పెట్టి, ఊరి సంగతులడిగి, మధ్యలో మామూలుగా అంది.

"అక్కా, నిన్న మధ్యాహ్నం ఎక్కడ కూర్చుని తిన్నావు?"

కడప అక్క పల్లీ నోట్లో వేసుకోబోతూ ఆగింది.

"కూచునేదానికి టయిము యాడుందిమ్మా? నిలబడుకోనే రొంత టీ తాగితి. ఒక ఖుబ్జు రొట్టె ముక్క నోట్లో ఏసుకుంటి. అంతే."

"మరి మొన్న మా ఆయన అడిగితే అయిందంటివే."

"సారు అంత మర్యాదగా అడిగితే లేదని ఎట్ల చెప్పేది? ఆయప్ప బాధపడడా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నా వైపు తిరిగి నవ్వారు. ఆ నవ్వుతో హాల్లో బిగువు సడలింది. పాలకొల్లు వైపు నుంచి వచ్చిన ఒకామె తనంతట తనే మొదలుపెట్టింది.

"నేను మెట్ల మీదండి. వాళ్ళ పిల్లోడు నిద్దరోయాక మెట్ల మీద కూకుని తిన్నానండి. కాదు కాదు, అది మొన్న. నిన్నయితే కూకోనే లేదండి. మరి తిన్నట్టా, తిననట్టా?" అని తనలో తనే ఆలోచనలో పడింది.

కారులో వస్తూ అడిగాను, ఈ ప్రశ్న ఎలా తట్టిందని.

"మా అమ్మ కూడా అందరికీ పెట్టాక అయింది అనేదండీ. పక్క గదిలో పడుకుని నేను పీట లాగిన చప్పుడు కోసం వినేదాన్ని. చప్పుడు వచ్చిందంటే కూర్చుంది, తింటోంది అని. రాని రోజు, రెండు మెతుకులు నోట్లో వేసుకుని గిన్నెలు తోమేసిందని. నోరు అయిందంటుంది కానీ పీట అబద్ధం చెప్పదు కదా."

ఆ తర్వాత ఆ సర్వే అంతా ఆమే చేసింది. నేను హాలు చివర టీ కెటిల్ పక్కన కూర్చుని ఆమె చెప్పింది గడుల్లో నింపాను. ఆ పని కూడా తేలికేం కాదు, కాదనను. ఎంత తిన్నారో అంచనా కట్టడం, పోషకాలు లెక్కించడం, పాత పరిశోధనలు చదివి పోల్చడం, అదంతా నేనే చేశాను. కానీ ఆ ప్రశ్న లేకపోతే లెక్క కట్టడానికి నా దగ్గర మర్యాద తప్ప ఇంకేమీ లేదు. తేలింది ఏమిటంటే, చాలా ఇళ్ళలో తిండికి నిజంగానే లోటు లేదు. తినొద్దని ఎవరూ అనలేదు. కూర్చుని తినే వేళే లేదు. పనికీ పనికీ మధ్య నిలబడి మింగేదే వాళ్ళ భోజనం. దాంతో పప్పు, కూర, గుడ్డు లాంటివి వదిలేసి టీతో రొట్టె ముక్క తినడం అలవాటైపోయింది. అందుకని థీసిస్‌లో ఒక సిఫార్సు రాశాను. ఇళ్ళకు మనుషులను కుదిర్చే ఆఫీసులు తమ ఒప్పందంలో మధ్యాహ్నం కూర్చుని తినే విరామం అని ఒక వాక్యం చేర్చాలి.

వైవా రోజు మా ఆవిడ పట్టుచీర కట్టుకుని, అందరికీ పంచడానికి కజ్జికాయలు చేసి తెచ్చింది. హాలు నిండుగా ఉంది. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు మెచ్చుకోలుగా తలూపుతూ చివర్న అడిగాడు.

"మీ పనిలో అన్నిటికన్నా నాకు నచ్చింది ఆ ఒక్క ప్రశ్న. ఎక్కడ కూర్చుని తిన్నావు అన్నది. అది మీకెలా తట్టింది?"

చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. వెనక వరసలో కూర్చున్న ఆమెను చూపించినా సరిపోయేది. నా లోపల ఏం జరిగిందో ఇన్నేళ్ళలో చాలాసార్లు తవ్వి చూసుకున్నాను. మరి నువ్వేం చేశావు అని అడుగుతారేమోనన్న భయం కొంత. అంతకన్నా, ఆ మెచ్చుకోలు వచ్చి మీద పడినప్పుడు ఒళ్ళు వెచ్చగా అయింది. అది దులుపుకోబుద్ధి కాలేదు.

"ఫీల్డులో తిరుగుతుంటే వచ్చిన అనుభవం సార్" అన్నాను.

చప్పట్లు కొట్టారు. ఆమె కూడా కొట్టింది. థీసిస్ మొదటి పేజీలో కృతజ్ఞతలు రాసేటప్పుడు "నా భార్య ఓపికకూ, ఆమె కాఫీకీ" అని అంతకుముందే రాసి ఉన్నాను. ఇంటికి వచ్చే దారిలో ఆమె ఖాళీ డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఒక్క మాటే అంది.

"బాగా చెప్పారు."

అది మెచ్చుకోలుగా తీసుకోవడానికి నేను చాలా కష్టపడ్డాను.

తర్వాత నాకు మంచి రోజులొచ్చాయి. మస్కట్‌లోనే మనుషులను కుదిర్చే ఒక ఆఫీసు ఆ వాక్యాన్ని నిజంగానే తమ ఒప్పందంలో చేర్చింది. కంపెనీలో హోదా పెరిగింది. అక్కడా ఇక్కడా మాట్లాడమని పిలిచేవాళ్ళు. నేను వెళ్ళి, పలకరింపుకీ ప్రశ్నకీ తేడా ఏమిటో అందంగా వివరించేవాణ్ణి. క్యారియర్ జోకు కూడా నాదే అన్నట్టు చెప్పి నవ్వించేవాణ్ణి. ఒకసారి అలాంటి సభలో ముందు వరసలో కూర్చున్న మా ఆవిడతో ఒకావిడ అంది.

"మీవారు ఎంత సున్నితంగా ఆలోచిస్తారండీ."

"అవునండీ. ఇంట్లో ఉంటే మాకు తెలిసేది కాదు" అంది మా ఆవిడ.

ఆవిడకు అర్థం కాలేదు. నాకు అయింది. అయినా ఊరుకున్నాను.

అమ్మాయి ఇంజనీరింగ్‌కు హైదరాబాద్ వెళ్ళాక ఇల్లు నిశ్శబ్దమైంది. ఒకరోజు మా ఆవిడ సూట్‌కేసు అడుగు నుంచి సర్టిఫికెట్లు తీసి, ఫ్యాను కింద పరిచి ఆరబెట్టింది. అదే ఎమ్మెస్సీకి దరఖాస్తు పెడతానంది. నాకు ఆశ్చర్యమేసింది కానీ మంచిదే అన్నాను. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని నింపుతూ పిలిచింది.

"ఏమండీ, పరిశోధన అనుభవం అన్నచోట ఏం రాయను?"

నేను సోఫాలో ఫోను చూస్తున్నాను. తలెత్తలేదు.

"ఏముంది రాయడానికి. ఖాళీగా వదిలెయ్."

ఆమె ఖాళీగానే వదిలేసింది. హాల్లో చెప్పని మాట ఒక తప్పయితే, ఇది అంతకన్నా పెద్దది. అక్కడ పరాయివాళ్ళు అడిగారు. ఇక్కడ అడిగింది ఆమే.

సీటు రాలేదు. మార్కులు బాగున్నాయి, డిగ్రీ మరీ పాతది, పరిశోధన అనుభవం ఏమీ చూపలేదు, అదనంగా ఏమైనా ఉంటే తెలియజేస్తే మళ్ళీ పరిశీలిస్తాం అని జవాబొచ్చింది. ఆమె చదివి, ల్యాప్‌టాప్ మూసి, కొత్తిమీర కట్ట విప్పింది.

"పోన్లెండి. నా వయసు కూడా వాళ్ళు చూడాలి కదా."

మర్నాడు మధ్యాహ్నం ఆఫీసు నుంచి అలవాటుగా ఫోన్ చేశాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ చేస్తున్నదే. రెండు మాటల ఫోను.

"తిన్నావా?"

"అయింది."

పెట్టేయబోయాను. ఎందుకో పెట్టేయలేకపోయాను. ఊళ్ళో అందరికీ ఉపన్యాసాల్లో చెప్పే ఆ ప్రశ్న నా ఇంట్లో నేను ఎన్నడూ అడగలేదని అప్పుడు తట్టింది.

"ఎక్కడ కూర్చుని తిన్నావు?"

అటువైపు కుళాయి నీళ్ళ చప్పుడు ఆగింది.

"ఏంటండీ ఇవాళ?"

"చెప్పు."

"కూర్చోలేదు" అంది.

కారు తీసి నేరుగా విశ్వవిద్యాలయానికి వెళ్ళాను. మా గైడ్ గదిలో ఉంది. ఖర్జూరాలు ముందుకు జరిపి, కప్పులో కహ్వా, ఇక్కడి కాఫీ, పోసింది. నేను తాగకుండానే చెప్పేశాను. ఆ ప్రశ్న నాది కాదు, నా భార్యది, సర్వే కూడా ఆమే చేసింది, వైవాలో నేను అబద్ధం చెప్పాను అని.

"అంటే నేను సంతకం పెట్టిన థీసిస్‌లో తప్పుందని చెబుతున్నావు."

"లెక్కల్లో తప్పు లేదు మేడం. పేర్లలో ఉంది."

"పేర్లలో తప్పు చిన్నదనుకుంటున్నావా?"

"లేదు మేడం."

"మనం కలిసి రాసిన వ్యాసం ఉంది. దాన్ని దిద్దాలి. నీ థీసిస్ ప్రతిలో సవరణ పేజీ పెట్టాలి. అందరికీ తెలుస్తుంది. అయినా సరేనా?"

"సరే."

"ఇంకొకటి. ఇవాళ నువ్వొచ్చి మా ఆవిడ గొప్పది అంటే, సీటు కోసం మొగుడు చేస్తున్న సాయం అనుకుంటారు కమిటీలో. నీ మాట మీద నేను ఆమెకు ఏమీ ఇవ్వను. ఆమెను పిలుస్తాను. ఆమెనే చెప్పమంటాను."

కమిటీ ముందుకు వెళ్ళే రోజు మా ఆవిడ మామూలు నూలుచీరే కట్టుకుంది. నేను వెళ్ళి చెప్పొచ్చానన్న సంగతి ఆమెకు గైడ్ ఫోన్‌లో చెప్పింది. ఇంట్లో దాని గురించి ఆమె నన్ను ఏమీ అడగలేదు, నేనూ ఏమీ అనలేదు. వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. తలుపు మూసుకుంది. లోపల మాటలు వినపడటం లేదు. ఈ సీటు రాకపోతే ఆమె మళ్ళీ ఎన్నడూ ఆ సర్టిఫికెట్లు బయటికి తీయదని నాకు తెలుసు. కాసేపటికి లోపలినుంచి నవ్వులు వినపడ్డాయి. ఒకరిది కాదు, అందరివీ. ఎందుకు నవ్వారో కారెక్కాక గానీ తెలియలేదు.

"నీ పద్ధతి ఏమిటో చెప్పమన్నారు" అంది సీటు బెల్టు పెట్టుకుంటూ. "చెప్పడమెందుకు, చూపిస్తానన్నాను. అక్కడ ఒక పెద్ద ప్రొఫెసర్ ఉన్నాడు, తెల్ల గడ్డం. సార్, మీ భోజనం అయిందా అన్నాను. అయింది, థాంక్యూ అన్నాడు. ఎక్కడ కూర్చుని తిన్నారు సార్ అన్నాను. పాపం, అటూ ఇటూ చూశాడు. పార్కింగ్‌లో, కారులో, ఒక బిస్కెట్టు అన్నాడు."

"తర్వాత?"

"మీ గైడ్ నా వైపు తిరిగి, ఈ ప్రశ్న నీకెవరు నేర్పారు అంది. మా అమ్మ వేసుకోని పీట అన్నాను."

ఆమె ముఖంలోకి చూశాను. అంత వెలుగు పెళ్ళి నాడు కూడా చూడలేదు. సీటు వచ్చింది.

సవరణలు కూడా వచ్చాయి. వ్యాసంలో ఆమె పేరు చేరింది, అదీ నా పేరుకు ముందు. కంపెనీలో మా పెద్దాయన "ఇప్పుడు తవ్వుకోవడం ఎందుకయ్యా, ఇంటి మనిషే కదా" అన్నాడు. ఇంటి మనిషి అనే ధైర్యంతోనే కదా సార్ తీసుకున్నది అన్నాను. నన్ను పిలిచిన సభలవాళ్ళకు ఆమె నంబరిచ్చాను. మొదట్లో కొందరు చిన్నబుచ్చుకున్నారు. ఆమె మాటలు ఒకసారి విన్నాక నన్ను మళ్ళీ పిలవలేదు. అది కాస్త గుచ్చుకున్న మాట నిజం.

చదువులో ఆమె నన్ను దాటిపోయింది. జీవరసాయన శాస్త్రం పుస్తకాలు ఫ్రిజ్ మీద, అల్లం వెల్లుల్లి పక్కన ఉండేవి. క్లాసులో తన కూతురి వయసు పిల్లలకు ఐరన్ గురించి తోటకూర కట్ట చూపించి చెప్పేదట. థీసిస్ అంశం ఎంచుకునే సమయం వచ్చినప్పుడు నన్ను అడగలేదు. నా సిఫార్సునే పరీక్షకు పెట్టింది. ఒప్పందంలో ఆ వాక్యం చేర్చిన తర్వాత నిజంగా ఏం జరిగింది అని.

మళ్ళీ శుక్రవారాలు, మళ్ళీ అదే హాలు, మళ్ళీ అదే చాప. ఈసారి నేను డ్రైవర్ని, టీ కెటిల్ పక్కన కూడా నాకు చోటు లేదు. బయట కారులో కూర్చునేవాణ్ణి. కడప అక్కే ఆమెకు అసలు సంగతి చెప్పిందట.

"టయిము ఇచ్చినారుమ్మా. మంచిదే. కానీ యాడ కూచోవాల? హాల్లో సోఫా మీద కూచుంటే ఎవరికీ బాగుండదు. నా రూమేమో మిద్దె మీద, ఎక్కి దిగేసరికి టయిమైపోతాది. వంటింట్లో కుర్చీ లేదు. ఆ టయిములో కూడా నిలబడుకోనే ఉండా."

నా సిఫార్సులో వేళ ఉంది, కుర్చీ లేదు. మా ఆవిడ దాన్ని పట్టుకుంది. ఇంటింటికీ వెళ్ళి యజమానురాళ్ళతో మాట్లాడింది. వాళ్ళను ఇక్కడ మామా అంటారు. తప్పు పట్టినట్టు కాకుండా, వాళ్ళ వంటిళ్ళలో వాళ్ళతోనే కూర్చుని, "ఈమె ఎక్కడ కూర్చుంటుంది?" అని మాత్రం అడిగింది. చాలామంది తమ వంటిల్లంతా కొత్తగా కలయజూశారు. చెడ్డవాళ్ళు కారు, ఎవరూ వాళ్ళను ఆ ప్రశ్న అడగలేదంతే. కుర్చీ వేసిన ఇళ్ళలో తిండి ఎలా మారిందో ఆమె తర్వాత మళ్ళీ వెళ్ళి చూసింది. పప్పు కంచంలోకి వచ్చింది, గుడ్డు వచ్చింది. టీ తాగడం భోజనం తర్వాతికి జరిగింది. అప్పట్లో ఆ వాక్యం చేర్చిన ఆఫీసే ఇప్పుడు ఒప్పందం మీద సంతకానికి ముందు ఇంటివాళ్ళను ఆ ప్రశ్న నోటితో అడుగుతోంది. ఎక్కడ కూర్చుంటుంది అని. మస్కట్‌లో ఎన్ని వంటిళ్ళలోకి ఒక కుర్చీ వచ్చిందో నాకు తెలియదు. కనీసం అల్ మవాలేలో ఒక వంటింటి కిటికీ పక్కన ఒకటి ఉందని మాత్రం తెలుసు.

ఆమె వైవా కూడా అదే హాల్లో జరిగింది. ఈసారి వెనక వరసలో నేను కూర్చున్నాను. ఒళ్ళో కజ్జికాయల డబ్బా. నేనే చేశాను, సగం విచ్చుకుపోయాయి. నా పక్కన కడప అక్క వచ్చి కూర్చుంది, కొత్త చీరలో.

"లీవు దొరికిందా?" అని అడిగాను.

"లీవేంది సార్, మా మామానే కారులో తోలుకొచ్చింది. అదో, ముందర కూచోనుంది సూడు. కుర్చీ ఏసింది తనే అని అందరికీ చెప్తాండాది."

మా ఆవిడ మాట్లాడటం మొదలుపెట్టింది. తడబడలేదు. బొమ్మలు చూపించింది, లెక్కలు చెప్పింది, ఎక్కడ తన పని చాలదో కూడా తనే చెప్పింది. చివర్లో పరీక్షకురాలు, వయసులో చిన్నావిడే, అడిగింది. ఈ ప్రశ్న మీకు ఎలా తట్టింది అని. అవే మాటలు.

ఆమె పీట గురించి చెప్పింది. అమ్మ గురించి, పక్క గదిలో పడుకుని వినడం గురించి. నా పేరు ఎత్తలేదు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. తెల్ల గడ్డం ప్రొఫెసర్ అందరికన్నా గట్టిగా కొట్టాడు.

ప్రేక్షకుల్లో ఎవరైనా మాట్లాడవచ్చు అన్నారు. నేను ఇంటి దగ్గరే నాలుగు వాక్యాలు సిద్ధం చేసుకుని వచ్చాను. ఏ హాల్లో దాచానో ఆ హాల్లోనే లేచి చెప్పేయాలని. డబ్బా పక్కన పెట్టి సగం లేచాను. కడప అక్క నా చొక్కా పట్టుకుని లాగింది.

"ఏంది సార్?"

"ఒక మాట చెప్పాలి."

"ఏం మాటో నాకు తెలుసు లే. కూచో. ఈపొద్దు ఆయమ్మది."

కూర్చున్నాను. ఆమె చెప్పింది నిజం. నేను లేచి ఉంటే ఆ చప్పట్లలో కొన్ని మళ్ళీ నా వైపు మళ్ళేవి. ఎంత పశ్చాత్తాపపడ్డాడో చూడు అని. ఆ నాలుగు వాక్యాలు జేబులోనే ఉంచుకుని, విచ్చుకున్న కజ్జికాయలు పంచాను.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. పొద్దున్నే వండి పెట్టి వెళ్ళాను. ముద్దపప్పు, వంకాయ వేపుడు, చారు. చేతనైనంతలో. ఆమె పట్టుచీర మార్చుకోకుండానే వంటింట్లోకి వచ్చి, చారు గిన్నె స్టవ్ మీద పెట్టి, నాకు కంచం తీసింది. ఒకటే తీసింది.

"మీరు కూర్చోండి. పొద్దుట్నుంచి తిరుగుతున్నారు."

"నువ్వో?"

"నాకు అక్కడే అయింది. వైవా అయ్యాక ఏదో పెట్టారు కదా."

నేను రెండో కంచం తీసి బల్ల మీద పెట్టాను. కుర్చీ వెనక్కి లాగాను. గచ్చు మీద కాళ్ళు రాసుకుని కుర్చీ చప్పుడు చేసింది. ఆమె చేతిలో గరిటెతో అలాగే నిలబడి, ఆ చప్పుడు వైపు చూసింది.

గైడ్‌కు చెప్పాను. వ్యాసంలో దిద్దాను. కంపెనీలో పెద్దాయనకు చెప్పాను. ఇంతమందికి చెప్పాను కాబట్టి ఆమెకు చెప్పినట్టేనని ఇన్నాళ్ళూ నడిపించుకొచ్చాను. ఆమె ముఖం చూసి ఒక్కసారీ అనలేదు. ఆమె వచ్చి కూర్చునేదాకా ఆగాను. జేబులో ఉన్న నాలుగు వాక్యాలు గుర్తుకు రాలేదు. వచ్చినవి ఇవి.

"ఆ రోజు హాల్లో ఆ ప్రశ్న నీదని చెప్పాల్సింది. చెప్పలేదు. దరఖాస్తులో ఏం రాయను అని అడిగావు, అప్పుడైనా చెప్పాల్సింది. ఖాళీగా వదిలెయ్ అన్నాను. ఇన్నేళ్ళూ తిన్నావా అని అడిగాను గానీ, నువ్వు కూర్చున్నావో లేదో చూడలేదు. తప్పంతా నాది. నన్ను క్షమించు."